పుదుప్పేట ప్రయాణము

చెన్నపట్నంలో పాత కారు ఉంచుకొన్నవారికి ఒక సంగతి అనుభవం మీద తెలిసివస్తుంది. ఎండకాలంలో మనలను పరీక్షించేది ఇంజను. ఐప్పసి, కార్తిగై మాసాలలో పరీక్షించేవి కిటికీ రబ్బర్లు. ఇంజను చెడితే చప్పుడు చేస్తుంది, పొగ వదులుతుంది, నడివీధిలో ఆగిపోయి నలుగురినీ పిలుస్తుంది. రబ్బరు చెడితే నోరెత్తదు. ఎండి, చిట్లి, అంచు ముడుచుకొని తన చోటనే కూర్చొని ఉంటుంది. వాననీరు దాని పక్కనుంచి మెల్లగా దిగి, కాళ్ళక్రింది పట్టాల అడుగున నిలిచి, నేలరేకును కొద్దికొద్దిగా తినివేస్తుంది. మనకు తెలిసేటప్పటికి రేకులో వేలు దూరుతుంది.

మా ఇంటి కారు 1984వ సంవత్సరపు ప్రీమియర్ పద్మిని. బొంబాయి కుర్లాలో తయారైన బండి. వాల్‌చంద్ హీరాచంద్ గారు 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ కంపెనీవారు ఇటలీ ఫియట్ కంపెనీ నమూనాతో ఈ కార్లు చేసేవారు. మొదట ఫియట్ 1100 డిలైట్ అన్నారు. 1974 నుంచి పద్మిని అన్నారు. ఇంజను 1089 సీసీ. గేరు కర్ర స్టీరింగు పక్కన ఉంటుంది. ముందు సీటు బెంచీవలె ఒకటే పలక. 2000 ప్రాంతంలో తయారీ ఆగిపోయినది. బొంబాయి టాక్సీలలో మిగిలిన పద్మినులకు కూడా 2023 అక్టోబరు చివరితో కాలం చెల్లినది. కనుక కంపెనీవారి విడిభాగాలు కావాలంటే ఇప్పుడు కంపెనీ తలుపు తట్టే వీలు లేదు.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు మా సైదాపేట వీధిలో నీరు మోకాలివరకు రాలేదు గాని, ఆకాశంనుంచి పడినది చాలు. రెండు రోజుల తరువాత కారు తలుపు తెరిస్తే బావిలోనుంచి వచ్చినట్టు వాసన. పట్టాలు ఎత్తి చూస్తే రెండు వైపులా నీరు నిలిచి ఉన్నది. డ్రైవరు కాళ్ళ దగ్గర రేకు ఎర్రబారినది.

అంతకన్న పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. కారు రిజిస్ట్రేషను మొదట 15 ఏళ్ళకు ఇస్తారు. ఆపైన అయిదేళ్ళకొకసారి బండిని చూపించి పొడిగించుకోవాలి. మా బండికి ఆ గడువు 2024లో వచ్చినది. నేలరేకు చిల్లులుపడిన బండిని ఏ ఇన్‌స్పెక్టరు మెచ్చుకుంటాడు? మా బావమరిది పిల్లలు గలవాడు, లెక్క తెలిసినవాడు. "బావా, దీనికి పెట్టే డబ్బుకు పుదుప్పేటలో తూకానికి వేస్తే పీడ వదులుతుంది" అన్నాడు. మా ఇంటావిడ మాత్రం, "మామగారిని అడగకుండా ఏమీ చేయకండి" అన్నది.

మా నాయనకు అప్పటికి 82 ఏళ్ళు. మోకాళ్ళు వంగవు. కొత్తరకపు ఎత్తైన కార్లలోకి కాలెత్తి ఎక్కలేరు. పల్లపు కార్లలో కూర్చుంటే లేవలేరు. పద్మిని ముందు సీటు మీద పక్కకు కూర్చొని, రెండు కాళ్ళూ లోపలికి తిప్పుకోవడం ఆయనకు అలవాటైన పని. నెలకొకసారి కంటి ఆసుపత్రికీ, అప్పుడప్పుడు పెరంబూరులో ఉన్న మా మేనత్త ఇంటికీ ఆ సీటు మీదనే వెళ్తారు. "అది పోతే నేను ఇంట్లోనే ఉంటానురా, ఏం ఫరవాలేదు" అన్నారు. ఫరవాలేదని ఆయన చెప్పిన తీరు విన్న తరువాత తూకం మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మా వీధి చివర టింకరింగు షెడ్డు మేస్త్రి వచ్చి బండిని చూశాడు. అద్దాల చుట్టూ వేలితో రుద్దాడు. నల్లటి పొడి వేలికి అంటినది. "రేకు అతుకు వేసేది నేను చేస్తాను సార్. ముందు నీళ్ళ దారి మూయాలి. రబ్బరు తెచ్చిపెట్టండి. రబ్బరు లేకుండా రేకు వేస్తే వచ్చే వానకు మళ్ళీ నన్నే పిలుస్తారు" అన్నాడు. న్యాయమైన మాట.

ఏ రబ్బరు తేవాలో కూడా అతడే చెప్పాడు. కారుకు కిటికీ రబ్బరంటే ఒకటి కాదు, నాలుగు. ముందు అద్దానికీ వెనుక అద్దానికీ చుట్టూ ఉండే బీడింగు మొదటిది. దానికి రెండు గాడులుంటాయి, ఒక గాడిలో అద్దము, మరొక గాడిలో బాడీ రేకు అంచు కూర్చుంటాయి. తలుపు మూసినప్పుడు నలిగి సందు మూసే గుండ్రటి బీడింగు రెండవది. అద్దము పైకీ క్రిందికీ జారే చోట ఉండే ఫెల్టు చానలు మూడవది. అద్దము తలుపు కడుపులోకి దిగే సందులో, అద్దాన్ని ఒత్తుకొని తుడిచే సన్నని పట్టీ నాల్గవది. మా బండిలో నాలుగూ పోయినవి. ముందు తలుపులలోని చిన్న ముక్కోణపు అద్దాల రబ్బర్లు మాత్రం ఇంకా మెత్తగానే ఉన్నవి.

మేస్త్రి మరొక పని చేశాడు. బ్లేడుతో ప్రతి రబ్బరునుంచీ అంగుళమంత ముక్క కోసి, నాలుగు ముక్కలనూ కాగితంలో చుట్టి మా చేతికిచ్చాడు. "కారు పేరు చెప్పి అడగకండి. ఇది చూపించండి" అన్నాడు. ఆ మాట విలువ మాకు ఆ శనివారం తెలిసినది.

సైదాపేటలో లోకలు రైలెక్కితే ఎగ్మూరు ఎంతో దూరం కాదు. ఎగ్మూరు దిగి పాంథియన్ రోడ్డు వైపు నడిస్తే మ్యూజియము వస్తుంది. 1851లో ఏర్పడిన ఆ మ్యూజియములో అమరావతి స్తూపపు శిల్పాలున్నవి. మన ఊరినుంచి బంధువులు వస్తే మేము తప్పకుండా చూపించే చోటు అదే. ఈసారి దాని గోడ పక్కనుంచే నడిచి, ముందుకు పోయి, పూర్వం హారిస్ రోడ్డనీ ఇప్పుడు ఆదిత్తనార్ శాలై అనీ పిలిచే దారి పట్టాము. అక్కడినుంచి పుదుప్పేట మొదలు.

పుదు అంటే కొత్త. కొత్తపేట అని పేరు పెట్టుకొని పాత సరుకు అమ్మే ఊరు చెన్నపట్నంలో ఇదొక్కటే కాబోలు! కూవం నది వంపు తిరిగే చోట ఒక ఒడ్డున పుదుప్పేట, అవతలి ఒడ్డున చింతాద్రిపేట. చింతాద్రిపేట 1734లో కుంపణీవారు నేతగాండ్రకోసం ఏర్పరచినది. చిన్న తరి పేట అన్న మాటే అట్లా మారినదని చెప్తారు. తరి అంటే తమిళంలో మగ్గము. అక్కడ ఒకప్పుడు దారాలు కలిపి బట్ట చేసేవారు. ఇక్కడ బండ్లు విడదీసి ముక్కలు చేస్తారు. సందుసందుకూ ఒక్కొక్క సరుకు. ఒకచోట తలుపులు మాత్రమే, పుస్తకాలవలె నిలువుగా పేర్చి ఉంటాయి. ఒకచోట అద్దాలు, గుడ్డ చుట్టి. ఒకచోట స్టీరింగు చక్రాలు గొలుసువలె వ్రేలాడుతుంటాయి. నేలంతా నూనె. మాట తమిళం, ఉర్దూ, అక్కడక్కడ తెలుగు. మా మాట విని, "రా నాయనా, ఏం కావాల?" అన్న ముసలి దుకాణదారు ఒకాయన మమ్మల్ని స్టూలు మీద కూర్చోబెట్టాడు.

పద్మిని అనగానే ఆయన ముఖం వికసించినది. వెనుకకు తీసుకొనిపోయి మూడు తలుపులూ ఒక వెనుక అద్దమూ చూపించాడు. అన్నిటికీ రబ్బర్లున్నవి. మేము సంతోషించబోగా ఆయనే ఆపాడు. "రేకు కొను, అద్దం కొను, గొళ్ళెం కొను. పాతవి కొత్తవాటికన్నా గట్టివి. పాత రబ్బరు మాత్రం కొనవద్దు. నీ బండి రబ్బరుకు ఎంత వయసో దీనికీ అంతే వయసు" అన్నాడు. తలుపు రబ్బరును వంపు దగ్గర వంచి చూపిస్తే వరుసగా సన్నటి చిట్లులు కనిపించినవి. రబ్బరు ఎక్కడ సాగి ఉంటుందో అక్కడనే గాలిలోని ఓజోను దాన్ని కొరుకుతుంది. అందుకే మూలలు ముందుగా పోతాయి. తన సరుకును తానే వద్దన్న వర్తకునికి ఉత్త నమస్కారం పెట్టి రావడం బాగుండదని, వెనుక తలుపుకు ఒక గొళ్ళెము కొన్నాము. అది నిజంగానే కావలసి ఉన్నది.

కొత్త రబ్బరుకు జనరల్ పాటర్స్ రోడ్డుకు పొమ్మని ఆయనే చెప్పాడు. కూవం వంతెన దాటి మౌంట్ రోడ్డు చేరి, దానిని కూడా దాటి రాయపేట వైపుకు తిరిగితే ఆ రోడ్డు. ఇక్కడ సీట్ల గుడ్డ, దీపాలు, పట్టాలు, హారన్లు అన్నీ కొత్తవి, అద్దాల బీరువాలలో మెరుస్తుంటాయి.

మొదటి దుకాణములో మేము మేస్త్రి మాట ప్రక్కనబెట్టకుండా కాగితం విప్పేలోపలే, కుర్రవాడొకడు "పద్మినికి ఇదే సార్" అని ఒక చుట్ట తెచ్చి బల్ల మీద వేశాడు. దాని మీద పద్మిని అనే చీటీ కూడా ఉన్నది. ముక్కను పక్కన పెట్టి చూస్తే మా రబ్బరు గాడి సన్నము, దానిది వెడల్పు. బాడీ రేకు అందులో వదులుగా ఆడుతుంది. చీటీ మీది పేరు సరిగానే ఉన్నది. రబ్బరే సరిగా లేదు. రెండవ దుకాణములో ఆకారం కుదిరినది గాని, రెండుగా మడిచి వదిలితే మడత దగ్గర తెల్లటి గీత నిలిచినది. ఎండకు ఒక్క ఏడాదిలో బిగుసుకుపోయే ప్లాస్టికు సరుకు అది.

మూడవది సందులో లోపలికున్న చిన్న అంగడి. ముదలాలి మేము మెట్టు ఎక్కుతుండగానే, "సాంపిల్ ఎడుత్తుట్టు వందీంగళా, సార్?" అన్నాడు. సాంపిల్ తెచ్చారా అని. మాకు ప్రాణం లేచివచ్చినది. ఆయన వెనుక గోడ మీద ఒక పలక. దానిపై వందల కొద్దీ రబ్బరు ముక్కలు, బొత్తాములవలె వరుసగా మేకులతో కొట్టి ఉన్నవి. మా ముక్కలను ఒక్కొక్కటిగా ఆ పలక వెంట జరుపుకుంటూ పోయి, తలుపు బీడింగును రెండు నిమిషాలలో పట్టుకున్నాడు. అది పద్మిని పేరుతో చేసినది కాదు. వేరొక వాహనానికి చేసినది. కాని కోత ఒకటే, గాడి లోతు ఒకటే, ఉబ్బు ఒకటే. ఫెల్టు చానలు, అద్దము తుడిచే పట్టీ కూడా మీటర్ల లెక్కన దొరికినవి.

మేము అడిగినందుకు ఆయన ఓపికగా చెప్పాడు. రబ్బరు పట్టీని అచ్చులోనుంచి త్రోసి తీస్తారు, మన ఇంట్లో జంతికల గొట్టములోనుంచి పిండి వత్తినట్టు. బిళ్ళకు ఏ ఆకారంలో చిల్లు ఉంటే పట్టీకి ఆ కోత వస్తుంది. ఆ బిళ్ళ ఎవరి దగ్గరనైనా ఉన్నంతకాలం ఆ కారుకు రబ్బరు దొరుకుతుంది. బిళ్ళ పారవేసిననాడు దొరకదు. సరుకులో కూడా రకాలున్నవి. చెట్టుపాల రబ్బరు సాగుతుంది గాని ఎండకూ ఓజోనుకూ త్వరగా చిట్లుతుంది. ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు వాటికి ఎక్కువకాలం ఓర్చుకుంటుంది; కిటికీలకు అదే మేలు. ఐతే దానికి గ్రీజు, పెట్రోలు, కిరోసిను పడవు, ఉబ్బిపోతుంది. బిగించేటప్పుడు సబ్బునీళ్ళే వాడాలి.

ముందు, వెనుక అద్దాల బీడింగు మాత్రం ఆయన దగ్గర లేదు. బొంబాయికి ఫోను చేసి, మా ముక్క ఫొటోను స్కేలు పక్కన పెట్టి తీసి పంపాడు. పదకొండు రోజులకు పార్సెలు వచ్చినది. తెచ్చి ముక్కను పక్కన పెట్టి చూస్తే తేడా లేదు. ఆ రాత్రి మా నాయన ఆ కొత్త రబ్బరును ఒడిలో పెట్టుకొని చాలాసేపు వేళ్ళతో తడిమి చూశారు.

ఈలోగా మేస్త్రి నేలరేకు కుళ్ళిన భాగము కోసి కొత్త రేకు అతికాడు. ఆదివారం ఉదయం వేపచెట్టు క్రింద రబ్బరు పని మొదలైనది. చదువరులలో పాత కారు గలవారికి పనికివస్తుందని క్రమంగా చెప్తున్నాము.

ముందు అద్దము తీయాలంటే పాత రబ్బరు వెలుపలి పెదవిని కత్తితో చుట్టూ కోసివేయాలి. రబ్బరును కాపాడే ప్రయత్నం చేస్తే అద్దము పోతుంది. మా అద్దము టఫన్డు రకము. అంచుకు చిన్న సుత్తి దెబ్బ తగిలినా అంతా ఒక్కసారిగా కలకండ పలుకులవలె రాలిపోయేది. మేస్త్రి లోపల సీటుకు వీపు ఆనించి, రెండు అరికాళ్ళనూ అద్దపు పై మూలలకు ఆనించి మెల్లగా ఒత్తాడు. వెలుపల మేమూ మా అబ్బాయీ చేతులు చాపి పట్టుకున్నాము.

అద్దము వచ్చిన తరువాత కనిపించిన రేకు అంచును చూస్తే నీటి దారి అర్థమైనది. క్రింది రెండు మూలలలో తుప్పు పొరలు పొరలుగా ఉన్నది. దాన్ని వైరు బ్రష్షుతో రుద్ది, రెడ్ ఆక్సైడు పూసి, ఆపైన రంగు వేసి, పూర్తిగా ఆరేవరకు ముట్టుకోలేదు. ఈ ఆరబెట్టడంలో ఒక వారం పోయినది. తుప్పు మీద కొత్త రబ్బరు వేస్తే తుప్పును దాచినట్టే గాని ఆపినట్టు కాదు.

తరువాతి ఆదివారం రబ్బరును కాసేపు ఎండలో ఉంచి మెత్తబరచి, ముందుగా అద్దానికి చుట్టూ తొడిగాము. రేకు అంచు కూర్చోవలసిన గాడిలో సన్నని నైలాను తాడును చుట్టూ దూర్చి, రెండు కొసలనూ క్రింద నడిమధ్య ఒకదానిపై ఒకటి వచ్చేలా లోపలికి వదిలాము. గాడిలో సబ్బునీళ్ళు. ఇద్దరము వెలుపలినుంచి అద్దాన్ని చోటులో నిలిపి అరచేతులతో ఒత్తుతుండగా, మేస్త్రి లోపల కూర్చొని తాడు కొసను మెల్లగా లాగాడు. తాడు వస్తుంటే రబ్బరు పెదవి దానివెంట లేచి, రేకు అంచుమీదుగా ఎక్కి లోపలికి పడుతుంది. దిండుకు గలీబు తొడిగినట్టే. లాగే చోటు ఎక్కడో వెలుపలి చేయి కూడా అక్కడే ఒత్తాలి. మా నాయన అరుగు మీద కూర్చొని, "మూల, మూల! మూల దగ్గర నిదానం!" అని అరుస్తూనే ఉన్నారు.

తలుపు బీడింగు సులభము. ఒక్కొక్క తలుపుకూ సుమారు మూడు మీటర్లు పట్టినది. దాన్ని సాగదీసి అంటించకూడదు. సాగిన రబ్బరు మళ్ళీ ముడుచుకొని అతుకు దగ్గర సందు వదులుతుంది. ఒక సెంటీమీటరు ఎక్కువగానే కోసి, రెండు కొసలనూ ఒకదానికొకటి ఒత్తుకొనేలా కూర్చాలి. కుదిరినదో లేదో చూడటానికి పోస్టుకార్డంత కాగితాన్ని సందులో పెట్టి తలుపు మూసి లాగాలి. బిగువుగా వస్తే సరి. ఊరికే జారివస్తే అక్కడ గాలీ నీరూ కూడా జారివస్తాయి. మా వెనుక ఎడమ తలుపు రెండుచోట్ల జారినది. రబ్బరు తప్పు కాదు, పాత గొళ్ళెము అరిగి తలుపు వదులైనది. పుదుప్పేటలో కొన్న గొళ్ళెము అక్కడ అక్కరకు వచ్చినది.

ఫెల్టు చానలు మార్చేటప్పుడు తలుపు లోపలి అట్ట తీశాము. అప్పుడు మేస్త్రి చూపించిన సంగతి మేము ఇంతవరకు వినలేదు. జారే అద్దము పక్కనుంచి కొంత నీరు తలుపు కడుపులోకి దిగక తప్పదట. అది దిగేందుకే చేసిన తలుపు. అందుకే క్రింది అంచులో చిన్న కన్నాలుంటాయి. నలభై ఏళ్ళ దుమ్ము, వేపాకులు కలిసి మా తలుపుల కన్నాలన్నిటినీ మట్టిబిరడాలవలె మూసివేసినవి. సైకిలు చువ్వతో పొడిస్తే ఒక తలుపులోనుంచి నల్లటి నీరు చెంబుడు కారినది. కొందరు నీరు రాకూడదని ఈ కన్నాలను కూడా లప్పంతో మూసివేస్తారు. అంతకన్న ద్రోహం తలుపుకు మరొకటి లేదు.

పని ముగిసిన తరువాత నీటి పరీక్ష. లోపల టార్చిలైటుతో మా అబ్బాయి; వెలుపల గొట్టముతో మేము. నీటిని ఎకాఎకి పైనుంచి పోయకుండా, క్రిందినుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పైకి పోవాలి. అప్పుడే కారేది ఏ చోటో తెలుస్తుంది. ముందు అద్దపు కుడి మూలలో ఒక చుక్క కనబడినది. అక్కడ పెదవి క్రింద ఎప్పటికీ గట్టిపడని రకపు మాస్టికు కొంచెం కూరి, మళ్ళీ నీరు పట్టాము. ఆ తరువాత పిల్లవాడు పొడి చొక్కాతోనే దిగివచ్చాడు.

ఇన్‌స్పెక్షను నాడు అధికారి పట్టాలు ఎత్తి చూసి, అతుకు మీద బూటుకాలితో రెండుమార్లు తట్టి, కాగితం మీద సంతకం చేశారు. 2029 వరకు గడువు వచ్చినది. ఆ ఏడు ఐప్పసి వానలలో ఒక ఉదయం మా నాయనను కంటి ఆసుపత్రికి తీసుకొనిపోయాము. వాన అద్దాల మీద దరువు వేస్తున్నది. ఆయన కొంతదూరం పోయాక వంగి, కాళ్ళక్రింది పట్టాను చేత్తో తాకి చూసి, చేయి పంచెకు తుడుచుకోకుండానే ఒడిలో పెట్టుకున్నారు. తుడుచుకోవలసిన అవసరం లేదు, తడి లేదు గదా!

ఇంట్లో పాత బండి ఉన్నవారు ఆడి మాసము వెళ్ళేలోపల ఒక ఉదయం కేటాయించి రబ్బర్లు తడిమి చూడండి. తలుపు క్రింది కన్నాలు పొడవండి. రబ్బరు మార్చవలసివస్తే పాతదానిని చెత్తలో వేయకండి. అంగుళం ముక్కలు నాలుగు కోసి, ఏది ఏ చోటిదో చీటీ కట్టి డబ్బాలో దాచండి. మా ముక్కలు కారు కాగితాల సంచీలోనే ఉన్నవి. ఎవరికైనా పద్మిని రబ్బరు కొలతకు కావాలంటే సంఘము కార్యాలయములో అడిగితే మేము తెచ్చి చూపిస్తాము.